గ్రైండరు పట్టేముందు నంబరు వెతకండి
యుద్ధానికి ముందునాటి కూపే కార్లను పోల్చుకునేదెలా? బాగుచేయబోయి ఏమి పోగొట్టుకుంటున్నాం?

రెండే తలుపులు, ముందు ఒకే వరుస సీటు, కదలని పైకప్పు, దాని వెనుక పొడవుగా సాగిన తోక. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కూపే కారును రోడ్డుకు అవతలి వైపు నుంచి చూసినా పోల్చుకోవచ్చు. అయితే అది ఏ సంవత్సరానిది, ఏ నమూనా, అందులో ఎంత భాగం అసలుది, ఎంత భాగం తరువాత వచ్చి చేరింది అన్నది తేల్చటం అంత తేలిక కాదు. పాత లోగిళ్ల వెనుక షెడ్లలోనూ, మూతపడిన మిల్లుల ఆవరణల్లోనూ దుమ్ముకొట్టుకుపోయిన కార్లు అప్పుడప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. బయటపడిన కొద్దిరోజులకే అవి పాత ఇనుము కొట్టుకో, టింకరింగ్ షెడ్డుకో చేరతాయి. మొదటి దారిలో కారే ఉండదు. రెండో దారిలో కారు మిగిలినా దాని గుర్తింపు పోయే ప్రమాదం ఉంది. తుప్పుతోపాటు ఛాసిస్‌పై కొట్టిన నంబరును కూడా గ్రైండరు తినేస్తే, ఆ బండి ఎప్పుడు, ఎక్కడ తయారైందో చెప్పే గట్టి ఆధారం మరి దొరకదు.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ప్రవేశపెట్టిన తరువాత ఈ విషయానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులకు గురికాని వాహనానికే ఆ హోదా దక్కుతుంది. అంటే షెడ్డులో మొదటి వారం జరిగే పని మీదనే ఆ కారు భవిష్యత్తు ఆధారపడి ఉంటుందన్న మాట.

డిక్కీ వెనుక కథ

కూపే అన్నది ఫ్రెంచి మాట. కోసినది అని అర్థం. గుర్రపు బండ్ల కాలంలో ఎదురెదురు సీట్లుండే పెద్ద బండిలో ముందు సగాన్ని తీసివేసి, ఇద్దరు కూర్చునే వెనుక భాగాన్నే ఉంచిన చిన్న బండికి ఈ పేరు వచ్చింది. మోటారు కార్లు వచ్చాక అదే పేరు రెండు తలుపుల మూసిన కారుకు అంటుకుంది. రాత్రివేళ రోగుల ఇళ్లకు వెళ్లే డాక్టర్లు, సరుకుల నమూనాలు పట్టుకుని ఊరూరా తిరిగే వ్యాపార ప్రతినిధులు దీనిని బాగా వాడారు. అమెరికాలో బిజినెస్ కూపే పేరుతో సామాను పెట్టుకునే చోటు ఎక్కువగా ఉండే రకాలు అమ్మింది వీరి కోసమే.

మరో ఇద్దరు ఎక్కవలసి వస్తే? కారు తోకలో మూత ఉండేది. దానిని వెనక్కి లాగితే లోపలి వైపు సీటు వీపుగా మారేది. పైకప్పు లేని ఆ సీటులో కూర్చున్నవారికి ఎండా, వానా, దుమ్మూ అన్నీ దక్కేవి. అమెరికన్లు దానిని రంబుల్ సీటు అన్నారు, బ్రిటిష్ వారు డిక్కీ సీటు అన్నారు. సీటు పోయి దశాబ్దాలైనా, కారు వెనుక సామాను పెట్టే చోటును మనం నేటికీ డిక్కీ అనే పిలుస్తున్నాం. కాబట్టి పాత కూపే దొరికినప్పుడు మొదట చూడవలసిన వాటిలో ఆ మూత ఒకటి. మూతకు పైఅంచున మడతబందులు ఉంటే సామాను కోసం, కింది అంచున మడతబందులు ఉండి వెనక్కి వాలితే సీటు కోసం. పక్కన మడ్‌గార్డు మీద అడుగు పెట్టే చిన్న మెట్లు, వాటికి వేసిన రంధ్రాలు కనిపిస్తే సీటు ఉన్న బండే.

ఇక వింటేజ్ అనే మాట. పాతబడిన ప్రతి కారునూ మనవాళ్లు వింటేజ్ అనేస్తారు. అంతర్జాతీయ పాతకార్ల సమాఖ్య అయిన ఫీవా లెక్క ప్రకారం 1919 నుంచి 1930 వరకు తయారైనవే వింటేజ్. 1931 నుంచి 1945 వరకు వచ్చినవి వింటేజ్ అనంతర తరగతి. మన చట్టానికి మాత్రం 50 ఏళ్ల వయసే ప్రమాణం. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారో అడిగి తెలుసుకోవటం మంచిది.

కెనడా మీదుగా మద్రాసు

గుర్తించే పద్ధతి అర్థం కావటానికి ఫోర్డు కూపేలను ఉదాహరణగా తీసుకోవచ్చు. లక్షల సంఖ్యలో తయారైనవి ఇవే. ఏ బోల్టు ఎప్పుడు మారిందన్న వివరాలు కూడా ఎక్కువగా నమోదైనవి వీటికే. మన ప్రాంతంతో వీటికి నేరుగా సంబంధం ఉంది. బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకు కుడివైపు స్టీరింగ్ ఉన్న ఫోర్డు కార్లను ఎక్కువగా కెనడా కంపెనీ పంపేది. దాని అనుబంధ సంస్థగా 1926లో ఫోర్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో విడిభాగాలను బిగించి కార్లు తయారు చేశారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బిగింపు కర్మాగారం పెట్టి షెవర్లే కార్లను తయారు చేసింది. స్థానికంగా తయారీ చేపట్టని కంపెనీలకు చోటు లేదని 1953లో ప్రభుత్వం విధానం ప్రకటించిన తరువాత ఈ రెండూ దేశం నుంచి వైదొలిగాయి.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. నంబరును బట్టి తయారైన నెల చెప్పే పట్టికలు అమెరికన్ క్లబ్బులు ప్రచురించినవి. అవి అమెరికాలో తయారైన బండ్లకు. కెనడా నంబర్ల వరుస వేరు. మోడల్ ఏ ఇంజిన్ నంబరు అమెరికన్ బండ్లలో ఏ అక్షరంతో మొదలైతే, కెనడా బండ్లలో సీఏ అని ఉంటుంది. ఆ తేడా గమనించకుండా పట్టిక చూసి, నంబరు పొసగటం లేదు కాబట్టి ఇంజిన్ మార్చారని తీర్మానించటం పొరపాటు. బ్రిటన్‌లో పన్ను భారం తగ్గించుకోవటానికి చిన్న ఇంజిన్‌తో ఏఎఫ్ అనే రకం కూడా తయారైంది. కుడి స్టీరింగ్ చూసి అన్నీ ఒకటేననుకోరాదు.

మోడల్ ఏ: చక్రమే సాక్ష్యం

మోడల్ ఏ 1927 డిసెంబరు 2న అమెరికాలో విడుదలైంది. 1932 ఆరంభం వరకు సుమారు 48 లక్షల బండ్లు తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు, 200.5 ఘనపు అంగుళాల ఇంజిన్, 40 అశ్వశక్తి. ముందు, వెనుక చక్రాల నడుమ దూరం 103.5 అంగుళాలు. నాలుగేళ్లలో రూపం ఒకసారి గట్టిగా మారింది. 1928, 29 బండ్లకు 21 అంగుళాల చక్రాలు, నికెల్ పూత పూసిన రేడియేటర్ చట్రం. 1930, 31 బండ్లకు 19 అంగుళాల చక్రాలు, మరింత ఎత్తైన రేడియేటర్, తుప్పుపట్టని ఉక్కుతో చేసిన చట్రం. పాత నికెల్ పసుపు ఛాయతో మెత్తగా మెరుస్తుంది. దాని మీద ఎవరైనా క్రోమియం పూత వేయించి ఉంటే ఆ నీలపు మెరుపు చూడగానే తెలిసిపోతుంది. అయితే చక్రాలు, రేడియేటర్ విప్పి మార్చగలిగినవి. బాడీ తీరుతో పొసగుతున్నాయో లేదో కూడా చూడాలి.

ఈ కారులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా, అద్దం కింద ఉంటుంది. పంపు లేదు. నూనె తనంతట తానే కిందికి దిగి కార్బురేటర్‌కు చేరుతుంది. ట్యాంకు వెనుకకు జరిగిందంటే అది 1932 లేదా ఆ తరువాతి బండి అయినా అయి ఉండాలి, లేదా ఎవరో మార్చి అయినా ఉండాలి.

కొత్తవారు ఎక్కువగా మోసపోయేది స్పోర్ట్ కూపే దగ్గర. దీని పైకప్పుకు గుడ్డ తొడుగు, పక్కన మడత పడే టాపుకు ఉండేలాంటి వంపు తిరిగిన కమ్మీలు ఉంటాయి. చూసినవారు టాపు విప్పే బండి అనుకుని లాగుతారు. అది కదలదు. ఆ కమ్మీలు అలంకారానికే. నిజంగా మడత పడేది క్యాబ్రియోలే అనే మరో రకం. స్టాండర్డ్, స్పోర్ట్, బిజినెస్, స్పెషల్ వంటి పేర్లు మోడల్ ఏ కూపేల్లోనే ఉన్నాయి. పైకప్పు తొడుగు, వెనుక పక్క కిటికీలు, డిక్కీ మూత చూసి వాటిని విడదీయాలి.

నంబరు ఎక్కడ ఉంటుంది? ఇంజిన్ ఎడమవైపు, నీళ్లు లోపలికి వెళ్లే గొట్టానికి పైన చిన్న చదునైన గద్దె మీద. అదే నంబరు ఛాసిస్ ఎడమ దూలం పైభాగంలోనూ కొట్టారు. చిక్కేమిటంటే అది బాడీ కింద దాగి ఉంటుంది. బాడీని పైకి లేపితే తప్ప కనపడదు. నూరేళ్లుగా బురద, గ్రీజు పట్టిన ఆ చోటును కుర్రాళ్లు మొదట తీసేది ఇనుప బ్రష్షుతోనో, గ్రైండరుతోనో. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో, ఓపికగా తుడిస్తే నంబరు బయటపడుతుంది. దానిపై సుద్దపొడి రుద్ది, పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీసుకోవాలి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటే ఇంకా మంచిది.

మూడు కిటికీలా, అయిదు కిటికీలా?

1932 మార్చి 31న ఫోర్డు వీ8 ఇంజిన్‌ను ప్రకటించింది. సామాన్యుడు కొనగలిగే ధరకు ఎనిమిది సిలిండర్ల కారు రావటం అప్పట్లో పెద్ద సంచలనం. 221 ఘనపు అంగుళాలు, 65 అశ్వశక్తి. ఇది మోడల్ 18. నాలుగు సిలిండర్లతో వచ్చిన దాని తోబుట్టువు మోడల్ బి. ఆ ఏటి చక్రాల నడుమ దూరం 106 అంగుళాలు, చక్రాలు 18 అంగుళాలు. ఛాసిస్ పక్క దూలం బయటికి కనిపిస్తూ, దానిపై తీర్చిన గీత నొక్కు ఉంటుంది. ఫోర్డు కార్లలో ఆ నొక్కు ఆ ఒక్క సంవత్సరపు ముద్ర.

కూపేలను కిటికీల లెక్కతో పిలవటం ఇక్కడ బాగా స్థిరపడింది. ముందు అద్దాన్ని వదిలేసి లెక్కించాలి. రెండు తలుపులకు రెండు, వెనుక ఒకటి కలిపి మూడు. తలుపుల వెనుక పక్కగోడల్లో మరో రెండు ఉంటే అయిదు. 1932లో మూడు కిటికీల డీలక్స్ కూపేకు తలుపులు వెనుక వైపు బిగించి, ముందు నుంచి తెరుచుకునేవి. అయిదు కిటికీల బండికి నేటి కార్ల మాదిరిగానే ముందు వైపు బిగించారు. ఇంతవరకు సులువే. అయితే 1933, 34 బండ్లలో రెండు రకాలకూ తలుపులు వెనుక వైపే బిగించారు. తలుపు తెరుచుకునే తీరును బట్టి కిటికీల రకం చెప్పేస్తామన్నవారు అక్కడ తప్పులో కాలేస్తారు.

1933లో చక్రాల నడుమ దూరం 112 అంగుళాలకు పెరిగింది, చక్రాలు 17 అంగుళాలకు తగ్గాయి, శక్తి 75కు చేరింది. 1934లో 85 అయింది. ఈ రెండు సంవత్సరాల బండ్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. ముందు జాలీని పక్క నుంచి చూస్తే 1933ది కింద ముందుకు వంపు తిరిగి ఉంటుంది, 1934ది దాదాపు తిన్నగా దిగుతుంది. బానెట్టు పక్క గాలి చీలికలు 1933లో వంపుగా, 1934లో తిన్నగా ఉంటాయి. బానెట్టు ఒక్కో పక్క పిడి ఒకటే ఉంటే 1933, రెండుంటే 1934. జాలీ, బానెట్టు రెండూ విప్పి మార్చదగినవే కనుక మూడు గుర్తులూ ఒకే సంవత్సరాన్ని చూపుతున్నాయా అన్నదే ప్రశ్న.

వీ8 విషయంలో మరో పెద్ద అపోహ ఉంది. ఈ ఇంజిన్ బ్లాకు మీద బండి నంబరు కొట్టలేదు. నంబరు గేరుపెట్టెకు ముందుండే క్లచ్ గూడు మీద, ఛాసిస్ దూలం మీద ఉంటుంది. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కలిశాయని అమ్మేవారు చూపే వీ8 బండిలో నిజానికి కలిసింది గేరుపెట్టె. ఇంజిన్ ఎన్నిసార్లు మారిందో ఆ నంబరు చెప్పలేదు.

తరువాతి సంవత్సరాలను త్వరగా దాటవచ్చు. ఫోర్డులో మూడు కిటికీల కూపే 1936తో ఆగిపోయింది. 1937లో ముందు దీపాలు మడ్‌గార్డుల్లోకి చేరాయి, ముందు అద్దం రెండు పలకలైంది, పైకప్పు మొత్తం ఉక్కు రేకు అయింది. 1939లో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. 1940లో గేరు కర్ర స్టీరింగ్ స్తంభం మీదికి ఎక్కింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరుల కార్ల తయారీ యుద్ధం వల్ల నిలిచిపోయింది. అక్కడితో ఈ తరం ముగిసింది.

లోపల కర్రపని

పైకి ఉక్కు రేకు కనిపించినా ఆ కాలపు బాడీల లోపల చెక్క ఉండేది. ఫోర్డు బండ్లలో తక్కువ, షెవర్లేలో చాలా ఎక్కువ. జనరల్ మోటార్స్ సంస్థకు బాడీలు చేసిన ఫిషర్ వారు 1936 వరకు షెవర్లేకు చెక్క అస్థిపంజరం మీదే రేకు తొడిగారు. తలుపు స్తంభాలు, గుమ్మపు దిమ్మెలు, కప్పు వాసాలు అన్నీ చెక్కే. మన వాన, చెద రెండూ కలిస్తే ఎనభై తొంభై ఏళ్ల చెక్క ఎంత మిగులుతుందో చెప్పనక్కరలేదు. తలుపు కిందికి వాలి, మూసినప్పుడు పైకెత్తి నెట్టవలసి వస్తోందంటే మడతబందుల దోషం కన్నా లోపలి స్తంభం పుచ్చిపోయిందన్న అనుమానమే ముందు రావాలి.

ఇటువంటి బండి పునరుద్ధరణలో సగం వడ్రంగి పని. వాళ్లు వాడింది ఆష్ అనే చెక్క. వంగుతుంది, అదురు తట్టుకుంటుంది, మేకును పట్టుకుంటుంది. ఇక్కడ వెంటనే అందరికీ గుర్తొచ్చేది టేకు. చెద పట్టదు కనుక మంచిదే. అయితే టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. ఏ చెక్క వాడినా, పుచ్చిన పాత ముక్కను పారేయకముందే దానిని కొలతగా పెట్టుకుని కొత్తది చెక్కాలి. పొడిగా రాలిపోయినా సరే, ఆ ముక్కలను అట్టపెట్టెలో దాచాలి. తలుపు వంపు ఎంతో చెప్పేది అవే.

ఫిషర్ బాడీకి ఇంజిన్ వెనుక గోడపై చిన్న రేకు పలక ఉంటుంది. బాడీ రకం సంఖ్య, లోపలి గుడ్డ, రంగు సంకేతాలు అందులో ఉంటాయి. రంగు వేసేముందు దానిని ఊడదీసి, పని అయ్యాక ఎక్కడో పోగొట్టటం షెడ్లలో మామూలే. ఫొటో తీసి, పలకను యజమానే ఇంట్లో పెట్టుకోవటం క్షేమం.

అయస్కాంతం చెప్పేది సగమే

అమెరికాలో 1932 ఫోర్డు కూపేకు సొంత చరిత్ర ఉంది. కాలిఫోర్నియా కుర్రాళ్లు చౌకగా దొరికిన ఈ బండ్ల కప్పును కోసి కిందికి దించి, పెద్ద ఇంజిన్లు పెట్టి పరుగు పందేలు ఆడారు. 1973లో వచ్చిన అమెరికన్ గ్రాఫిటీ చిత్రంలోని పసుపు కారు అటువంటి అయిదు కిటికీల కూపేయే. గిరాకీ పెరిగేసరికి ఫైబర్‌గ్లాస్ బాడీలు వచ్చాయి. ఆ తరువాత అచ్చంగా ఉక్కుతోనే కొత్త బాడీలు తయారు చేసి అమ్ముతున్నారు. అందుకే అయస్కాంతం పెట్టి చూసే పరీక్ష సగం నిజమే చెబుతుంది. అంటకపోతే ఫైబరో, మందంగా పూసిన లప్పమో ఉన్నట్లు. అంటితే అసలుదని కాదు.

ఉక్కు బాడీ పాతదో కొత్తదో తేల్చాలంటే కప్పు మధ్య చూడాలి. ఫోర్డు 1936 వరకు అంత పెద్ద కప్పును ఒకే రేకుగా నొక్కలేదు. మధ్యలో ఖాళీ వదిలి, చెక్క పట్టీలపై గుడ్డ బిగించింది. ఆ పట్టీలు, మేకు రంధ్రాలు, అంచు మడత కనిపించాలి. ఖాళీని రేకుతో పూడ్చి ఉంటే ఎప్పుడు, ఎవరు పూడ్చారో అడగాలి. జనరల్ మోటార్స్ మాత్రం ఏకఖండ ఉక్కు కప్పును 1935 నమూనాల్లోనే తెచ్చింది.

ఎంత మిగిలితే అసలుది అన్న ప్రశ్న కోటీశ్వరుల కార్లకూ తప్పలేదు. బుగాటి టైప్ 57 అట్లాంటిక్ కూపేలు నాలుగే తయారయ్యాయి. వెన్నెముకలా రివెట్లు కొట్టిన అతుకు దాని గుర్తు. మొదటి ప్రదర్శన కారుకు మెగ్నీషియం మిశ్రమలోహపు రేకులు వాడారు, వాటిని వెల్డింగ్ చేయటం కుదరక రివెట్లు కొట్టారు. అల్యూమినియంతో చేసిన తరువాతి బండ్లకు ఆ అవసరం లేకపోయినా అందం కోసం అతుకును ఉంచేశారు. ఆ నాలుగింటిలో ఒకటి యుద్ధకాలంలో కనిపించకుండా పోయింది. మరొకటి 1955లో ఫ్రాన్స్‌లో రైల్వే గేటు వద్ద రైలు ఢీకొని నుజ్జయింది. మిగిలిన ముక్కలతో దానిని తిరిగి నిలబెట్టారు. అది అసలుదేనా అని ఈ విద్య తెలిసినవారు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

షెడ్డులో మొదటి నెల

విప్పేముందు ఫొటోలు తీయాలి. పది కాదు, వందల్లో తీయాలి. తలుపు సందుల వెడల్పు కొలిచి రాసుకోవాలి. నట్లు, బోల్టులను ఏ భాగానివి ఆ సంచిలో వేసి చీటీ కట్టాలి. బాడీని ఛాసిస్ నుంచి లేపే ముందు లోపల అడ్డంగా, ఐమూలగా ఇనుప కమ్మీలు వెల్డింగ్ చేసి బిగించకపోతే రేకు బాడీ ముడుచుకుపోతుంది. ఒకసారి వంపు పోతే తలుపులు మరి జన్మలో సరిగా పడవు.

పట్టేసిన ఇంజిన్‌ను ట్రాక్టరుకు కట్టి లాగి స్టార్టు చేయబోవటం మన పల్లెల్లో తొందరపాటు పని. రింగులు తుప్పుతో సిలిండరుకు అంటుకుని ఉంటే పిస్టన్ పగులుతుంది, లేదా కడ్డీ వంగుతుంది. ప్లగ్గులు తీసి పలచటి నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి, ఆ తరువాత చేతితోనే కొద్దికొద్దిగా కదపాలి. మోడల్ ఏ ఇంజిన్ బేరింగులు విడిగా కొని వేసేవి కావు. తగరం ప్రధానంగా, ఆంటిమొనీ, రాగి కలిపిన బాబిట్ లోహాన్ని కరిగించి నేరుగా పోసి, వరుసగా తొలిచి అమర్చినవి. ఈ పని తెలిసిన లేతు కార్మికులు తగ్గిపోయారు. పాత ఆయిల్ ఇంజిన్లకు బాబిట్ పోసిన పెద్ద మేస్త్రీలు ఉన్న ఊళ్లో వారినే వెతికి పట్టుకోవాలి.

వీ8 ఇంజిన్‌కు వేడెక్కే జబ్బు పుట్టుకతోనే ఉంది. పొగ బయటికి పోయే దారులు బ్లాకు లోపల సిలిండర్ల మధ్య నుంచే వెళతాయి. కవాటాలకు, సిలిండర్లకు మధ్య పగుళ్లు రావటం సాధారణం. పోతపోసిన నాటి ఇసుక, తుప్పు నీటి దారుల్లో పేరుకుని ఉంటాయి. పగులు పరీక్ష చేయించకుండా ఇంజిన్ మీద డబ్బు పోయటం దండగ.

రేకు పనిలో ఇసుక పిచికారీ పెద్ద శత్రువు. ఛాసిస్‌కు అది సరే. పలచటి తలుపు రేకు మీద బలంగా కొడితే సాగి అలల్లా తేలుతుంది. పాతకాలపు టింకరింగ్‌లో లప్పం బదులు సీసం కలిపిన లోహం కరిగించి పూసేవారు. దానిని గ్రైండరుతో రాకితే లేచే పొడి సీసమే. బ్రేకు లైనింగులు, క్లచ్ పలక, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. బ్రేకు డ్రమ్ములను కంప్రెసర్ గాలితో ఊదటం మానుకోవాలి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పక్కనే అన్నం తినే పనివాళ్లకు ఈ సంగతి చెప్పే బాధ్యత కారు యజమానిదే.

అసలు రంగు ఏదో తెలియాలంటే వెలుతురు తగలని చోట్లు వెతకాలి. డాష్‌బోర్డు వెనుక, కిటికీ చట్రం కింద, గుడ్డ బిగించిన పట్టీ అడుగున. అక్కడ నెమ్మదిగా పొరపొరగా గీకితే పైనున్న రంగుల చరిత్ర మొత్తం బయటపడుతుంది. మోడల్ ఏ బాడీలకు రంగు లాకరు పూసి, మడ్‌గార్డులకు మాత్రం నల్ల ఎనామిల్ వేసేవారు. మడ్‌గార్డులు కూడా బాడీ రంగులోనే నిగనిగలాడుతుంటే అది తరువాతివారి ముచ్చట.

విద్యుత్తు ఆరు వోల్టులది. పైగా పాజిటివ్ తీగను బాడీకి కలిపారు. నేటి ఎలక్ట్రీషియన్లు అలవాటుగా నెగెటివ్‌ను కలుపుతారు, అమ్‌మీటరు ముల్లు తలకిందులుగా తిరుగుతుంది. వోల్టేజి తక్కువైతే కరెంటు ఎక్కువ కావాలి కనుక లావు తీగలు వేయాలి. స్టార్టర్ బద్ధకంగా తిరుగుతోందని పన్నెండు వోల్టులకు మార్చేముందు బాడీకి కలిపిన చోటు తుప్పు గీకి చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

అద్దాల సంగతి మాత్రం ఊరట. ఆ కాలపు అద్దాలు ఎక్కువగా చదునైనవే. స్థానికంగా రెండు పొరల సేఫ్టీ గాజును కొలతకు కోయించుకోవచ్చు. పక్క కిటికీల్లో మామూలు గాజు ఉంటే తప్పక మార్చాలి. అలాగే ఇంధనం. దేశంలో 2025లో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత రబ్బరు గొట్టాలు, బిరడా చెక్క తేలుళ్లు, లక్క పూతలు దీనికి తట్టుకోవు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, బండిని నెలలపాటు ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి.

మోడల్ ఏ కు విడిభాగాలు కొత్తగా తయారు చేసి అమ్మేవారు అమెరికాలో నేటికీ ఉన్నారు. కుడి స్టీరింగ్ బండికే ప్రత్యేకమైన భాగాలు మాత్రం ఆ జాబితాల్లో అరుదు. కనుక వంగిన స్టీరింగ్ స్తంభాన్నో, పగిలిన పెడల్ బ్రాకెట్‌నో పారేసి కొత్తది తెప్పిద్దామనుకోకూడదు. అక్కడ 1952లో మోడల్ ఏ రిస్టోరర్స్ క్లబ్బు, 1955లో మోడల్ ఏ ఫోర్డు క్లబ్ ఆఫ్ అమెరికా ఏర్పడ్డాయి. ఈ రెండూ కలిసి వెలువరించిన ప్రమాణాల పుస్తకంలో ఏ నెలలో ఏ మరమేకు తల ఎలా ఉండాలో కూడా రాసి ఉంది. వీ8 బండ్లకు 1963లో వేరే క్లబ్బు వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఇలా

2021 నిబంధనల ప్రకారం ఫారం 20తో పరివాహన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20 వేలు. పదేళ్ల వరకు చెల్లుతుంది. పునరుద్ధరణకు రూ.5 వేలు. నంబరులో రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. పాత ఆర్సీ ఉండి, దానిపై పాత నంబరు ఉంటే దానినే కొనసాగించుకోవచ్చు. కనుక బీరువాలో ఉన్న చిరిగిన పుస్తకాన్ని చెత్తలో వేయరాదు. ఈ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవటానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే నిజాం కోసం చేసిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడవచ్చు. అది కూపే కాదు. అయినా పాతకాలపు లోహపు పనిని, అతుకులను, అమరికను దగ్గరగా పరిశీలించటానికి మనకు అందుబాటులో ఉన్న మంచి నమూనా. పని మొదలుపెట్టబోయే మెకానిక్‌ను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే ఆ ఖర్చు వృథా కాదు.